వెండితెర యెడారికి పట్టిన పచ్చకామెర

పచ్చకామెరలవానికి లోకమెల్ల పచ్చగా గనబడునని మన పెద్దలు చెప్పుదురు. రోగియొక్క కన్ను చెడినచో వైద్యుడు మందిచ్చి సరిచేయగలడు. కాని చూచువాని కన్ను ఆరోగ్యముగా నుండగా, చూపబడు వస్తువునకే పచ్చరంగు పూసి, ఇదియే దాని స్వరూపమని పదుగురికి చూపించినయెడల నా రోగమునకు మందేది? ఇట్టి రోగమొకటి యిరువదియైదేండ్లుగా చలనచిత్రములను పట్టియున్నది. ఎడారి కథాస్థలముగా గల చిత్రములు పెక్కింటియందు ఆకాశము, ఇసుక, గోడ, వస్త్రము, మనుష్యుని ముఖము, సమస్తమును ఒకే పసుపునీటిలో ముంచి తీసినట్లు కనబడుచున్నవి. దీని పుట్టుకను, పెరుగుదలను, దీనివలని నష్టమును విచారించుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఎడారితో మనకేమి పని, మన కథలకు కృష్ణాగోదావరీ తీరములు చాలవా, యని కొంద ఱనవచ్చును. అట్లనువారు హైదరాబాదు నగరమున నాంపల్లియందు ఒకమారు నిలిచి చూడవలెను. అచ్చట హజ్ హౌసు కలదు. మక్కాయాత్రకు బయలుదేరు మన ముస్లిము సోదరులు ఏటేట నచ్చట చేరి, ప్రయాణమునకు వలయు ఏర్పాటులు చేసికొని, కుట్టులేని రెండు తెల్లని వస్త్రములు వెంటగొని యెడారిదేశమునకు పోవుచున్నారు. ఇక కూలికై పోవువారి మాట వేఱు. కరీంనగరము, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతములనుండి పురుషులును, కడప, కోనసీమ ప్రాంతములనుండి స్త్రీలును సౌదీ, కువైటు, దుబాయి, మస్కటు, దోహాలకు పోవుట రెండు తరములనుండి జరుగుచున్నది. ఆ పల్లెలలో ఎడారిదేశమునుండి డబ్బు వచ్చిన యిల్లును, శవపేటిక వచ్చిన యిల్లును ఒకే వీథిలో నున్నవి.

నాంపల్లికి చేరువనే ఆబిడ్సు కలదు. ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కొలువునందుండిన ఆల్బర్ట్ ఆబిడ్ అను ఆర్మీనియా వంశీయుని దుకాణమువలన ఆ కూడలికి ఆ పేరు కలిగెను. తరువాతి కాలమున జమ్రూద్, ప్యాలెస్, రామకృష్ణ మొదలగు చిత్రశాలలవలన అది నగరవాసులకు వినోదస్థానమయ్యెను. కావున ఎడారికి పోవు బాటయు, తెరమీద కథలు చూచు బాటయు నీ రెండు పేటలలో నొకదాని నొకటి తాకినవి. పోయినవాడు కండ్లార చూచిన యెడారియు, పోనివాడు తెరపై చూచిన యెడారియు ఒకటి కాకపోవుటయే మన విచారమునకు మూలము.

మొదట ఎడారియొక్క నిజమైన రంగేదో తెలిసికొందము. అమరకోశమున మరువు, ధన్వము అను రెండు పదము లేకార్థకములుగా చెప్పబడినవి. మరుశబ్దము చచ్చుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినదని వైయాకరణులు చెప్పుదురు. మన పూర్వులును ఎడారిని భయముతోడనే చూచిరని దీనివలన తెలియుచున్నది. అయినను మృగతృష్ణ, మరీచిక యను పదములను కల్పించి, అచ్చటి వెలుతురు కంటి నెట్లు మోసగించునో కూడ వారు గుర్తించిరి. దప్పిగొన్న లేడికి కనబడు నీరు అబద్ధమే. కాని యా యబద్ధము ఎండది, చిత్రకారునిది కాదు.

ఇసుక యనగా నొకే రంగుగల పదార్థము కాదు. రేణువులపై ఇనుపతుప్పు వంటి పొర పట్టినకొలది అది యెఱ్ఱబాఱును. జోర్డాను దేశమందలి వాదీ రమ్ లోయలో కొండలును ఇసుకయు ఎఱుపు. అరేబియా దక్షిణమందలి రుబ్ అల్ ఖాలీ తిన్నెలు నారింజవన్నె కలవి. అమెరికాలోని న్యూమెక్సికోయందు జిప్సముచేత నేర్పడిన తిన్నెలు పాలవలె తెలుపు. కచ్ఛదేశపు రణ్ ఉప్పుచేత తెలుపు. పశ్చిమ అరేబియాలో అగ్నిపర్వతములు కక్కిన నల్లరాతి మైదానములు క్రోసులకొలది వ్యాపించియున్నవి. జైసల్మేరు కోట నిజముగనే పసుపుపచ్చనిది. అచ్చటి రాయి యట్టిది. 1974లో సత్యజిత్ రాయి ‘సోనార్ కెల్లా’ చిత్రమును తీసినప్పుడు ఆ కోటకు బంగారుకోట యను పేరు రాతివలన చెల్లినది గాని రంగునీటివలన కాదు. సహారా యంతయు ఇసుకతిన్నెలే యనుకొనుటయు తప్పు; సుమారు నాలుగవవంతు మాత్రమే యిసుక, తక్కినది గులకరాళ్లును బండలును. ఒకే తిన్నె తెల్లవాఱుజామున గులాబివన్నెతోను, మధ్యాహ్నము పాలిపోయిన తెలుపుతోను, సాయంకాలము ఎఱుపుతోను కనబడును. దాని నీడపై ఆకాశపు వెలుగు మాత్రమే పడుటచేత ఆ నీడకు నీలిఛాయ గలుగును. ఇన్ని రంగులుగల దేశమును ఒక్క రంగునకు దింపుట యెంత లోభత్వము!

ఎడారిలో చెట్టు లేదనుటయు పొరపాటే. మనము విజయదశమినాడు పూజించి, ఆకును బంగారమని పెద్దల చేతులలో నుంచి పాదములకు మ్రొక్కెడి జమ్మిచెట్టు థారు ఎడారికి ప్రాణమువంటిది. దానిని రాజస్థానమువారు ఖేజడీ యందురు. అరబ్బులు గాఫ్ అందురు. తెలంగాణమునకును రాజస్థానమునకును అదియే రాష్ట్రవృక్షము. సంయుక్త అరబ్ ఎమిరేట్లకు అదియే జాతీయవృక్షము. జోధపురము చేరువనున్న ఖేజడ్లీ గ్రామమున 1730లో నీ చెట్లను నఱకవచ్చిన రాజభటుల కడ్డుపడి, అమృతాదేవి మొదలుగా 363 మంది బిష్ణోయీలు ప్రాణములిచ్చిరని ప్రసిద్ధి. నిజామాబాదునుండి పోయిన కూలివాడు దుబాయి పొలిమేరలో చూచు గాఫ్ చెట్టు తన యూరిబయటి జమ్మియే. పసుపునీరు పోసిన చిత్రమున ఆ ఆకు ఎండుగడ్డియై పోవును. దానితో మనకును ఆ నేలకును గల యా చుట్టఱికమును కంటికి మఱుగుపడును.

ఇక చలనచిత్రములకు రంగు పూయుట యెట్లు పుట్టెనో చూతము. 1895లో లూమియేర్ సోదరులు పారిస్ నగరమున ప్రదర్శించిన బొమ్మలు నలుపు తెలుపులవే. కాని రంగుమీది మోజు వెంటనే పుట్టెను. జార్జి మెలియేజ్ చిత్రములకు ఎలిజబెత్ తూయియే అను నామె కర్మశాలలో స్త్రీలు కూర్చుండి, ఒక్కొక్క బొమ్మకు సన్నని కుంచెతో రంగులద్దెడివారు. అది మిక్కిలి శ్రమతో గూడిన పని. అందుచేత చవుకయగు మఱియొక పద్ధతి వ్యాపించెను. ఫిలిమును తునకలు తునకలుగా రంగుతొట్లలో ముంచి యెత్తుటయే ఆ పద్ధతి. రాత్రికి నీలము, అగ్నికి ఎఱుపు, పగటివెలుతురునకు దీపకాంతికి తేనెవన్నె వాడుకయయ్యెను. మూగచిత్రముల కాలమున నత్యధికాంశము చిత్రములిట్లు రంగునీట మునిగినవే. అయినను అందు మోసము లేదు. రాత్రి నీలముగా నుండునని ఏ ప్రేక్షకుడును నమ్మలేదు. మన యక్షగానమున తెరవెనుకనుండి వచ్చు వేషమును సంకేతముగా గ్రహించినట్లే ఆ నీలమును సంకేతముగా గ్రహించెను.

మాటలచిత్రములు రాగానే యీ రంగులు ఫిలిము ప్రక్కనుండు శబ్దరేఖను చెఱుపజొచ్చెను. అప్పుడు 1929లో కొడక్ కంపెనీవారు శబ్దమునకు చెఱుపురాకుండ ముందే రంగు వేసిన ఫిలిమును ‘సోనోక్రోమ్’ అను పేరుతో విక్రయించిరి. అందలి ఒక్కొక్క ఛాయకు ఒక్కొక్క ముద్దుపేరు. పసుపుఛాయకు పెట్టినపేరు ‘సన్‌షైన్’, అనగా ఎండ! ఎండను డబ్బాలో నుంచి అమ్ముట అప్పటికే ప్రారంభమైనదనవలెను.

రంగుతోపాటు స్థలమును మార్చుటయు నాడే మొదలయ్యెను. 1923లో సిసిల్ బి. డిమిల్ ‘టెన్ కమాండ్‌మెంట్స్’ తీయునప్పుడు ఈజిప్టుదేశము కాలిఫోర్నియాలోని గ్వాడలూపు ఇసుకతిన్నెలలో వెలసెను. పని ముగిసినపిదప నా కట్టడములను అచ్చటనే యిసుకలో పూడ్చిరి. 1936లో వచ్చిన ‘గార్డెన్ ఆఫ్ అల్లా’ యందలి సహారా అమెరికా నైఋతిభాగమందలి యెడారియే. ఆ చిత్రము సహజమైన మెత్తని రంగులకు పేరుపొంది, వర్ణఛాయాగ్రహణమునకై ప్రత్యేక ఆస్కారు బహుమానమును పొందెను. నేల పరాయిదైనను రంగులను అతిగా వాడలేదన్నమాట.

ఎడారిని ఎడారిగా చూపిన చిత్రమేదని యడిగినచో 1962లో డేవిడ్ లీన్ తీసిన ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ను ముందు చెప్పవలెను. ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ యంగ్ జోర్డానునకు పోయి, ఎండ కోర్చి, దుమ్మునుండి పరికరములను కాచుకొని, విశాలమైన ఫిలిముమీద ఆ దేశమును చిత్రించెను. అందు వాదీ రమ్ ఎఱ్ఱగానే యున్నది. జఫర్ మట్టిమైదానము పాలిపోయి తెల్లగానే యున్నది. ఆకాశము నీలముగానే యున్నది. ఎండమావిలోనుండి నల్లని చుక్కయొకటి మెల్లగా పెరిగి ఒంటెనెక్కిన మనుష్యుడగు దృశ్యమునకై 482 మిల్లీమీటరుల కటకమును ప్రత్యేకముగా వాడిరి. మన పూర్వులు మరీచిక యన్న దానిని ఆ కటకము పట్టియిచ్చెను. ఆ కథలో అరబ్బులను చూపిన తీరునందు ఆక్షేపణీయములు లేకపోలేదు. కాని రంగు విషయమున నేలకు అన్యాయము జరుగలేదు.

ఆ కాలమున రంగును దిద్దుట లేదా యన్నచో, కలదు. నెగెటివునుండి పాజిటివును అచ్చువేయునప్పుడు ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగుల మోతాదులను హెచ్చించుచు తగ్గించుచు రంగును సరిపుచ్చెడివారు. ఒక్కొక్క వెలుగునకు 50 మెట్లు. మన మద్రాసు ల్యాబొరేటరీలయందును ఈ పని నేర్పుగలవారిచేత జరిగెడిది. కాని మోతాదు మార్చినచో బొమ్మ యంతయు మాఱును. ఆకాశమును విడిచి ఇసుకను మాత్రము మార్చుట సాధ్యము కాదు. పనిముట్టునకు గల యీ హద్దే పనివానికి వివేకమును నేర్పెను.

ఆ హద్దు 2000 సంవత్సర ప్రాంతమున తొలగిపోయెను. ఫిలిమును అంకెలుగా మార్చి, కంప్యూటరుపై దిద్ది, మరల ఫిలిముమీదికి తెచ్చు విధానము ప్రారంభమయ్యెను. చిత్రపరిశ్రమలో దీనిని ‘డి.ఐ.’ యనియు, రంగు దిద్దుటను ‘గ్రేడింగు’ అనియు, దిద్దువానిని ‘కలరిస్టు’ అనియు పిలుతురు. 2000లో కోయెన్ సోదరులు తీసిన ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’ అను చిత్రము ఆద్యంతము ఇట్లు దిద్దబడిన మొదటివానిలో నొకటి. ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ మిసిసిపీ ప్రాంతపు వేసవి పచ్చదనము నంతను తీసివేసి, వెలసిన పాతకాలపు పోస్టుకార్డు రంగునకు తెచ్చెను. కథ 1930ల కఱవుకాలమునాటి కల్పిత గాథ యగుటచేత అది యందముగా నమరెను. ఆకుపచ్చని నేలనైనను ఎండబెట్టవచ్చునను రహస్యము మాత్రము దానితో లోకమునకు వెల్లడియయ్యెను.

అదే సంవత్సరమున స్టీవెన్ సోడర్‌బర్గ్ ‘ట్రాఫిక్’ అను చిత్రమును తీసెను. మాదకద్రవ్యముల వ్యాపారమునుగూర్చిన మూడు కథలు అందు కలిసియున్నవి. ప్రేక్షకుడు తికమక పడకుండుటకై ఒహాయో రాష్ట్రపు కథకు చల్లని నీలమును, మెక్సికో కథకు పొగాకువన్నె పసుపును అతడు వాడెను. అది కథకుని సౌకర్యమునకై చేసిన పని. అతని తరువాతివారు దానిని దేశలక్షణముగా మార్చిరి. కెమెరా అమెరికా పొలిమేరను దాటి మెక్సికోలో నడుగిడగానే తెర పచ్చబడుట ఆచారమై కూర్చున్నది. పిదప ఆ పసుపు ఇరాకునకు పోయెను, ఆఫ్రికాకు పోయెను, తుదకు ఎడారి యే కాని దేశములకును పోయెను. 2020లో వచ్చిన ‘ఎక్స్‌ట్రాక్షన్’ అను చిత్రమున ఢాకా నగరమును పసుపుతో ముంచిరి. గంగాబ్రహ్మపుత్రుల నీటిమధ్య నున్న వంగదేశపు నగరమునకు ఎడారిరంగు! అందలి దృశ్యములు పెక్కు అహమ్మదాబాదునందును థాయిలాండునందును తీయబడినవి. నేలయు అచ్చటిది కాదు, రంగును అచ్చటిది కాదు, పేరు మాత్రము అచ్చటిది. పసుపు ఇసుకకు గుర్తుగా మొదలై, వేడికి గుర్తై, పేదఱికమునకు గుర్తై, తుదకు అపాయమునకు గుర్తుగా నిలిచెను.

ఈ వ్యాప్తికి కారణములు నాలుగు కనబడుచున్నవి. మొదటిది సౌలభ్యము. ఒకమారు కూర్చిన రంగుల సూత్రమును మీట నొక్కి చిత్రమంతటికిని అంటింపవచ్చును. రెండవది పొదుపు. వేర్వేఱు దేశములలో, వేర్వేఱు వేళలలో తీసిన దృశ్యముల యతుకులు ఒకే రంగు పూతక్రింద కనబడవు. పాతగోడ బీటలను సున్నము కప్పినట్లు. మూడవది రంగులకు పరస్పరము గల సంబంధము. మనుష్యుల చర్మము, అది తెలుపైనను నలుపైనను, నారింజఛాయకు దగ్గఱగా నుండును. దాని కెదురురంగు నీలహరితము. వెనుకభాగమును నీలహరితము చేసినచో ముఖము ముందుకు వచ్చునని కనిపెట్టి, లోకము నంతటిని ఈ రెండు రంగులకే తగ్గించిరి. నాలుగవది, అన్నిటికంటె బలమైనది, అనుకరణము. పదిమంది పసుపు పూసిన తరువాత పదునొకండవవాడు నిజము చూపినయెడల, ఇది యెడారివలె లేదేయని ప్రేక్షకుడే యాక్షేపించును. అబద్ధమునకు ఆయువు పెరిగినచో నిజమే అపరాధి యగును.

ఇందులకు ప్రతివాదులు చెప్పు సమాధానమును వినవలసియున్నది. కళ యనగా నకలు కాదు. రవివర్మ చిత్రములలోని వెలుగు లోకములో నున్నదా? కవి చంద్రుని చల్లగా చెప్పినప్పుడు ఉష్ణమాపకముతో కొలుతుమా? అని వారడుగుదురు. ఇది తోసివేయదగిన వాదము కాదు. 2015లో జార్జి మిల్లర్ తీసిన ‘మ్యాడ్ మాక్స్: ఫ్యూరీ రోడ్’ చిత్రమున ఇసుక అగ్నివలె నారింజవన్నె, ఆకాశము గాఢనీలము. అది యే దేశమును కాదు. రాబోవు ప్రళయానంతరపు కల్పితలోకము. ఎవరి నేలను గూర్చియు నది సాక్ష్యము చెప్పుటలేదు. అంతేకాదు, మఱుసటి యేట నతడు ఆ చిత్రమునే రంగులు తీసివేసి నలుపు తెలుపులలో వెలువరించి, తన రంగు తానెఱిగి వేసికొన్న వేషమేయని చాటెను. దాని వెనుకనున్న ముచ్చట యొకటి చెప్పదగినది. మొదట నా చిత్రమును ఆస్ట్రేలియాలోని బ్రోకెన్‌హిల్ ప్రాంతమున తీయదలచిరి. ఇంతలో వర్షములు కురిసి ఆ యెడారి యంతయు పూలుపూచెను. పూచిన యెడారి తమ యెడారికి పనికిరాదని వారు నమీబియాకు తరలిపోయిరి! ప్రకృతి తన రంగును చూపగా, చిత్రము దాని నొల్లక పోయెను. కల్పితలోకమున కది చెల్లును. కాని జోర్డాననియు, ఇరాకనియు, మెక్సికో యనియు, ఢాకా యనియు పేరుపెట్టి చూపునపుడు చిత్రము కవిత్వమే కాదు, సాక్ష్యము కూడ నగును. సాక్షికి కవికున్నంత స్వేచ్ఛ లేదు.

ఈ వివాదమున మన నాట్యశాస్త్రమే మనకు వెలుగు చూపగలదు. భరతముని రసములకు రంగులు నిర్ణయించెను. శృంగారమునకు శ్యామము, హాస్యమునకు తెలుపు, కరుణమునకు పావురపువన్నె, రౌద్రమునకు ఎఱుపు, వీరమునకు గౌరము, భయానకమునకు నలుపు, బీభత్సమునకు నీలము, అద్భుతమునకు పసుపు. పసుపు మన శాస్త్రమున ఆశ్చర్యమునకు రంగు. నేటి తెరపై భయమునకును రోతకును రంగైనది. రసమును బట్టి రంగు మాఱినయెడల నొకే నేల ఒక దృశ్యమున మెఱయును, ఒక దృశ్యమున మసకబాఱును. ఇది కళ.

కాని యా గ్రంథముననే వేషరచనను చెప్పు భాగమున జనపదములవారికిని రంగులు నిర్ణయింపబడినవి. శకులకు, యవనులకు గౌరవర్ణము. కిరాతులకు, బర్బరులకు, ద్రమిళులకు, పుళిందులకు నల్లనివర్ణము. ఆ నల్లనివారి పట్టికలో ఆంధ్రులును ఉన్నారు. రంగస్థలముమీద మన తాత తండ్రులెవరో ఒక పాత్రగా రావలసివచ్చినచో, వారి వ్యక్తిగతమైన రూపమెట్టిదైనను, మసి పూసికొని రావలెనన్నమాట. రసమునకు రంగు పూసినప్పుడు భరతుడు కళావేత్త; జాతికి రంగు పూసినప్పుడు తన కాలపు మనుష్యుడు. నేటి కలరిస్టు ఆయన మొదటి మాటను మఱచి రెండవ మాటను పాటించుచున్నాడు. ఒకనాడు మనకు పూసిన మసిని తలచుకొన్నవారు, నేడు పరులకు పూయుచున్న పసుపును చూచి ఊరకుండ తగదు.

పూత యెంత సదుద్దేశముతో వేసినను నిజమును కప్పునని తెలియుటకు దూరము పోనక్కఱలేదు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులోని పురావస్తుశాలయందు అజంతా చిత్రముల ప్రతులు కలవు. అజంతా గుహలు అప్పటి నిజాము రాజ్యములోనివి. 1909 మొదలు 1911 వఱకు లేడీ హెరింగ్‌హామ్ ఆ చిత్రములకు ప్రతులు వ్రాయించినపుడు నందలాల్ బోసు మొదలగు వంగీయులతోపాటు మన హైదరాబాదు చిత్రకారులగు సయ్యద్ అహమ్మదు, ఫజలుద్దీనులును అందు పాల్గొనిరి. తరువాత గులాం యజ్దానీ యధికారిగా నున్న పురావస్తుశాఖవారు చిత్రములను కాపాడదలచి ఇటలీనుండి చెక్కోనీ, ఓర్సినీ యను నిపుణులను రప్పించిరి. వారు 1920–22 నడుమ ఊడిపోవుచున్న పొరలను గోడకంటించి, పైన లక్కతో చేసిన వార్నీషు పూసిరి. రాలిపోవు చిత్రములు నిలిచినవి. ఆ మేలు మఱువరానిది. కాని యేండ్లు గడచినకొలది ఆ వార్నీషు పసుపై, గోధుమవన్నెయై, బోధిసత్త్వుల ముఖములను, రాణుల నగలను, దూరదేశమునుండి తెచ్చిన రాజావర్తపు నీలమును కప్పివేసెను. కొన్ని తరములవారు అజంతా రంగు అదియే యనుకొనిరి. తరువాత కేంద్ర పురావస్తుశాఖవారు ఓపికతో ఆ పొరను కరిగించి తీయగా, అడుగున తెలుపును నీలమును ఆకుపచ్చయు బయటపడినవి. గోడమీది పసుపును తీయుటకు రసాయనములు కలవు. లక్షలమంది మనస్సులలో పట్టిన పసుపును తీయుటకు ఏ రసాయనము కలదు?

ఈ మాట కేవలము అలంకారము కాదు. ఉపాధ్యాయవృత్తిలో నున్నవాడను గనుక, నా తరగతి బాలురను ఎడారిని చిత్రింపుడని యొకమారు చెప్పియుంటిని. ఒక్కడు తప్ప అందఱును పసుపుకఱ్ఱను చేతబట్టిరి. ఆ ఒక్కడు తెల్లకాగితమున ఎత్తైన బూడిదవన్నె కట్టడమును, దాని ముందు వరుసగా నాకుపచ్చని చెట్లను, వానికి నీరు పెట్టు మనుష్యుని గీసెను. వాని తండ్రి కువైటులో తోటపని చేయువాడు. తక్కిన బాలురు, అది యెడారి కాదని నవ్విరి. తెర నేర్పిన పాఠము తండ్రి వ్రాసిన యుత్తరమును ఓడించినది.

ఇందు నష్టపడువారెవరో ఇప్పుడు తేటపడును. తెలుగుకూలి యచ్చట పడు కష్టమునకు కారణము ఇసుక కాదు. జీతమెగవేయు యజమాని, చేతనుండి గుంజుకొన్న పాసుపోర్టు, అప్పుచేయించి పంపిన దళారి, యజమాని యనుమతి లేనిదే కదలనీయని నిబంధనలు. మలయాళమున బెన్యామిన్ వ్రాసిన ‘ఆడుజీవితం’ నవలయు, దానినిబట్టి 2024లో వచ్చిన చలనచిత్రమును ఈ దుఃఖమునే చెప్పినవి. అందు మనుష్యుని పశువుగా మార్చినది మఱియొక మనుష్యుడే. దేశమంతయు పసుపుమంటగా చూపినయెడల ప్రేక్షకుడు, అచ్చటి నేలయే యట్టిది, మన మేమి చేయగలమని నిట్టూర్చి ఇంటికి పోవును. దోషి రంగు చాటున దాగికొనును. నేలను నిందించుట సులభము. నేల కోర్టులో జవాబు చెప్పదుగదా.

ఈ తెగులు మన యింటికిని వచ్చినది. కోలారు బంగారుగనుల పట్టణమున తెలుగువారు తరములనుండి నివసించుచున్నారు. చల్లని గాలియు, దొరల బంగళాలును ఉండుటచేత దానిని ‘లిటిల్ ఇంగ్లాండు’ అనెడివారు. 2018లో వచ్చిన ‘కె.జి.ఎఫ్.’ చిత్రమును చూచినవారికి అది బొగ్గుమసి కలిసిన గోధుమవన్నె నరకముగా తలపునకు వచ్చును. గనులలోని ప్రాణాపాయము నిజమే, శ్రామికుల రోగములు నిజమే. 2001లో గనులు మూతపడి వేలకుటుంబములు వీథిని పడుటయు నిజమే. ఆ నిజములు మసిలో కనబడవు.

రాయలసీమ మాటయు నిట్టిదే. మన తెలుగునాట ఎడారికి దగ్గఱగా వచ్చినది అనంతపురము జిల్లా. అచ్చట సంవత్సరమునకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటరులు. కణేకల్లు, బొమ్మనహాళు ప్రాంతములలో హగరి యేటి యిసుకను గాలి మోసికొనిపోయి పొలములమీద పోయుటచేత నిజముగనే తిన్నెలేర్పడినవి. ఆ యిసుకను ఆపుటకు చెట్లు నాటు రైతుల పాట్లు చిత్రములకు కథావస్తువు కాలేదు. 1999లో ‘సమరసింహారెడ్డి’ విజయముపిదప వరుసగా వచ్చిన కక్షల కథలు సీమనంతటిని ఎఱ్ఱదుమ్ము, బాంబులు, జీపులు అను మూడు గుర్తులకు దింపినవి. శ్రావణమున అదనుకు వాన పడినయెడల వేరుసెనగ చేలు కనుచూపుమేర పచ్చనగును. పెనుకొండ గుట్టల రాళ్లు వాన కడిగి నల్లగా మెఱయును. ఆ పచ్చదనమును తెరమీద చూచినవారు తక్కువ. అదిగాక, సీమకు నీరెందులకని ఎవడైన నడిగినపుడు, చిత్రము నేర్పిన యీ దురభిప్రాయము వాని నాలుకమీద లేదని చెప్పగలమా? రంగు రాజకీయము కాదనువారు దీనిని ఆలోచింపవలెను.

కావున కర్తవ్యమేమి? గ్రేడింగును బహిష్కరింపవలెనని నేను చెప్పుటలేదు. కుంచెను విఱిచినంతమాత్రమున సత్యము పుట్టదు. ఒక చిన్న పరీక్షను మాత్రము చిత్రకర్తలకును ప్రేక్షకులకును సూచింతును. దృశ్యములో తెల్లనివస్తు వెక్కడనున్నదో చూడుడు. అరబ్బు ధరించిన అంగీ, హజ్ యాత్రికుని వస్త్రము, రైతు తలగుడ్డ, పాలు, ఉప్పు, పసిపిల్ల పండ్లు. మనుష్యుని కన్ను ఏ వెలుతురుననైనను కొంచెము సేపటికి సర్దుకొని తెల్లనిదానిని తెల్లగానే చూచును. తెరపై నది పసుపుగానున్నచో, కథలోని రసమేదైన దాని నడిగినదా యని విచారింపుడు. అడిగినచో సంతోషము. అడుగనియెడల అది పూత. ఆ పూతక్రింద ఒక దేశమో, ఒక జాతియో, ఒక జిల్లాయో కప్పబడియున్నదని గ్రహింపుడు.

చిత్రకర్తలకు మఱియొక మాట. నేడు హైదరాబాదు నగరమున రంగులు దిద్దు యంత్రములు లోకమున నేయూరికిని తీసిపోవు. ఇచ్చట తయారైన చిత్రములు దేశదేశముల ప్రదర్శింపబడుచున్నవి. పరులు మనకు పూసిన రంగును మనము పరులకు పూయుట గొప్పతనము కాదు. ఎడారికథ తీయువారు ఒక దినము కంప్యూటరు గదిని విడిచి, గల్ఫునుండి తిరిగివచ్చిన కూలివానిని, హజ్ ముగించుకొని వచ్చిన ముసలమ్మను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, తాము దిద్దిన బొమ్మను చూపి, అచ్చటి ఆకాశ మిట్లుండునా యని యడుగవలెను. వారు కాదన్నచో దిద్దుకొనవలెను. ఆ సాక్షులు వేలకొలదిగా మన పల్లెలలోను పేటలలోను ఉన్నారు. వారిని ఎవరును ఇంతవఱకు అడుగలేదు.